కోటి ఇరవైమూడా, కోటీ ఇరవైమూడా?

సందేహం: 12345679 అనే పెద్ద అంకెను తొమ్మిదితో హెచ్చవేస్తే అన్నీ ఒకట్లే వస్తాయి. పలకడం దగ్గరే తగువు. మొదటిది కోటి ఇరవైమూడు లక్షలా, కోటీ ఇరవైమూడు లక్షలా? జవాబు చివర ‘వంద పదకొండు’ అంటే తప్పా? దీన్ని ‘హర్షద్ సంఖ్య’ అనవచ్చా?

సమాధానం: అంకెలు సున్న నుంచి తొమ్మిది దాకా పదే. వాటిని పేర్చి రాసింది సంఖ్య. మీరిచ్చింది సంఖ్య; సున్నను పక్కన పెడితే అందులో లేని అంకె ఎనిమిది. ఈ తేడా పాటించకపోతే ఆ సంఖ్యలోని చమత్కారమే చెప్పలేం.

కుడినుంచి మొదట మూడంకెలకు, తర్వాత రెండేసి అంకెలకు కామా పెట్టండి: 1,23,45,679. కోటీ ఇరవైమూడు లక్షల నలభై అయిదు వేల ఆరువందల డెబ్బైతొమ్మిది. ‘కోటీ’లోని దీర్ఘం ‘అమ్మా నాన్నా’లో ఉన్నదే, ‘ఇదీ అదీ కలిపి’ అని దాని అర్థం. లక్ష కోట్లు అంటే హెచ్చవేత, కోటీ లక్ష అంటే కూడిక. హ్రస్వంతో పలికేవారూ ఉన్నారు, తప్పని కొట్టేయలేం. రాతలో మాత్రం దీర్ఘమే మేలు. బహువచనమైతే దీర్ఘం రాదు, ‘లు’ కాస్తా ‘ల’ అవుతుంది: రెండు కోట్ల పది లక్షలు.

ఇక లబ్ధం 11,11,11,111. పదకొండు కోట్ల పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు. మన కామాల పుణ్యమా అని పదకొండు నాలుగుసార్లు మోగింది! ‘వంద పదకొండు’ అర్థమవుతుంది గాని చెవికి ఒప్పదు. నూరు మీద మరో సంఖ్య చేరితే ‘నూట’ అవుతుంది. చదివింపుల్లో నూటపదహార్లేగాని వందపదహార్లు వినం. రెండు నుంచి ‘వందల’ వస్తుంది: పద్దెనిమిదితో హెచ్చవేసి చూడండి, ఇరవైరెండు కోట్ల ఇరవైరెండు లక్షల ఇరవైరెండు వేల రెండువందల ఇరవైరెండు.

ఎనిమిది ఎందుకు ఉండకూడదంటే: తొమ్మిది తొమ్మిదులు ఎనభై ఒకటి. ఒకటి వేస్తే చేతిలో ఎనిమిది. తర్వాత ఏడు తొమ్మిదులు అరవైమూడు, ఎనిమిది కలిపితే డెబ్బై ఒకటి; మళ్లీ ఒకటే. మధ్యలో ఎనిమిది దూరితే డెబ్బైరెండుకు ఎనిమిది కలిసి ఎనభై అవుతుంది, అక్కడ సున్న పడుతుంది. 12,34,56,789ని తొమ్మిదితో హెచ్చవేస్తే 1,11,11,11,101 వచ్చేది అందుకే. దాన్ని నూట పదకొండు కోట్ల పదకొండు లక్షల పదకొండు వేల నూట ఒకటి అని చదవాలి.

హర్షద్ మాట మహారాష్ట్రలోని దేవలాలీకి చెందిన బడిపంతులు కాప్రేకర్ పెట్టింది. హర్షం ఇచ్చేది అని అర్థం. తన అంకెల మొత్తంతో నిశ్శేషంగా భాగించబడే సంఖ్యకు ఆ పేరు. మీ సంఖ్య అంకెల మొత్తం 37. 37ను 333667తో హెచ్చవేస్తే సరిగ్గా 12345679. కనుక అది ప్రధాన సంఖ్య కాదు, సంయుక్త సంఖ్య; హర్షద సంఖ్య కూడా. పొల్లుతో ‘హర్షద్’ అనడం హిందీ, మరాఠీల పలుకుబడి. జలం ఇచ్చేది జలదం అయినట్టు తెలుగులో ఇది హర్షదం, సమాసంలో హర్షద సంఖ్య. ఏట్లో వచ్చే వరదకు ఈ ‘ద’తో చుట్టరికం లేదు.