పట్టా లేని యానాదులకు ఏమీ రాదా?

ప్రశ్న: మాది విజయవాడకు ఎదురుగా, కృష్ణ కరకట్ట పక్క ఊరు. ఇక్కడి యానాది కుటుంబాలు తాతల నాటి నుంచి నదిలో చేపలు పడుతూ, పొలాల్లో ఎలుకలు పట్టి కూలి తెచ్చుకుంటూ గుడిసెల్లో ఉంటున్నాయి. ప్రపంచ బ్యాంకు అప్పుతో జరిగే పనికి సర్వే చేయవచ్చినవారు, పట్టా లేదు కనుక వీరికి ఏమీ రాదన్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: ఆ మాట తప్పు. భూమిని సేకరిస్తున్న పక్షంలో 2013 నాటి భూసేకరణ చట్టం వర్తిస్తుంది. సేకరణకు ముందు మూడేళ్లుగా అడవి మీదనో నీటి వనరుల మీదనో ప్రధానంగా ఆధారపడిన కుటుంబాలను కూడా అది బాధిత కుటుంబాలుగానే లెక్కిస్తుంది. చేపలు పట్టేవారిని, పడవ నడిపేవారిని ఆ నిర్వచనంలో విడిగా పేర్కొన్నారు.

బ్యాంకు 2018 అక్టోబరు నుంచి అమలు చేస్తున్న సామాజిక ప్రమాణాల్లో ఐదవది, భూమిపై ఏ హక్కూ లేనివారికి సైతం గుడిసెకు పరిహారం, పునరావాస సాయం ఇవ్వాలంటుంది. ఏడవది ఆదివాసులది. యానాదులు మన రాష్ట్రంలో షెడ్యూల్డ్ తెగే అయినా బ్యాంకు ఆ జాబితాతో ఆగదు. తామొక ప్రత్యేక సమూహమని వారు భావించుకోవడాన్ని, ఆ నేలతో, నీటితో వారికున్న ఉమ్మడి బంధాన్ని కూడా పరిశీలిస్తుంది. ఈ ప్రమాణం వర్తిస్తే, వారిని కదిలించే ముందే, ఒత్తిడి లేకుండా, అన్నీ వివరించి సమ్మతి పొందాలి. అయితే ఫలితాలను బట్టి విడుదల చేసే రుణాలకు విధానం వేరు కనుక, ఇది ఏ రకం రుణమో ముందుగా లిఖితపూర్వకంగా అడగండి.

అంతకన్నా తొందరపడవలసింది కటాఫ్ తేదీ, అంటే బాధితుల లెక్కకు హద్దుగా ప్రకటించే తేదీ విషయంలో. ఆ తేదీ తర్వాత వచ్చి చేరినవారికి సాయం ఇవ్వనవసరం లేదు. ముందు నుంచీ ఉన్నవారి పేరు జాబితాలో లేకపోతే, వారినీ కొత్తవారి కిందే జమకట్టే ప్రమాదం ఉంది. ఎవరు, ఏ రేవులో, ఎన్నేళ్లుగా వల వేస్తున్నారో ఒక్కో కుటుంబానికి ఒక్కో కాగితం రాయించండి. రేషన్ కార్డు లేకపోయినా, గుడిసె గుంజకు ఆరవేసిన వల ఫొటో, ఇరుగుపొరుగు రైతుల సంతకాలు జతచేయండి.

ప్రాజెక్టు అధికారులు, తర్వాత బ్యాంకు సిబ్బంది పట్టించుకోకపోతే 1993లో ఏర్పడిన బ్యాంకు తనిఖీ మండలికి (ఇన్‌స్పెక్షన్ ప్యానెల్) రాయవచ్చు. బాధితులు ఇద్దరుంటే చాలు, ఉత్తరం తెలుగులోనే ఉండవచ్చు, పేర్లు గోప్యంగా ఉంచమని కోరవచ్చు. అమరావతి రైతులు 2017లో ఆ మండలికే ఫిర్యాదు చేశారు.