దొంగ బిళ్ల అని తెలిశాక చలామణి చేస్తే కేసవుతుందా?

ప్రశ్న: వరంగల్ కాశిబుగ్గలో మాకు చిన్న కిరాణా దుకాణం ఉంది. గల్లాపెట్టెలో పోగైన చిల్లరను హోల్‌సేల్ వ్యాపారికి ఇస్తే, ఆయన అందులో రెండు పది రూపాయల బిళ్లలను దొంగవని తిప్పి పంపాడు. ఒకదాని మీద రూపాయి గుర్తు లేదు. రెండోదాని అంచు గరుకుగా, అక్షరాలు అలుక్కుపోయినట్టుగా ఉన్నాయి. ‘మనకూ ఎవరో ఇచ్చినవే కదా, ఎవరికో ఒకరికి ఇచ్చేద్దాం, లేదంటే గుడి హుండీలో వేద్దాం’ అని మా వారు అంటున్నారు. అలా చేస్తే కేసవుతుందా? మా దగ్గర ఉన్నందుకే పోలీసులు పట్టుకుంటారా? బ్యాంకు వాళ్లు కూడా చిల్లర తీసుకోవడానికి విసుక్కుంటున్నారు.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: తెలియక మీ గల్లాలోకి వచ్చిన నకిలీ నాణెం మీ దగ్గర ఉన్నంత మాత్రాన మీరు నేరస్థులు కారు. అది నకిలీదని తెలిసిన తర్వాత, లేదా నకిలీదని నమ్మడానికి తగిన కారణం కనిపించిన తర్వాత, మంచిదన్నట్టుగా మరొకరి చేతిలో పెడితే మాత్రం అది తీవ్రమైన నేరం. మీ వారి సలహా ఈ రెండో కోవలోకి వస్తుంది కాబట్టి దయచేసి ఆ పని చేయనివ్వకండి. అయితే మీరు రాసిన రెండు బిళ్లలూ ఒక జాతివి కావు. వాటిని విడివిడిగా చూడాలి.

రూపాయి గుర్తు లేని బిళ్ల చాలావరకు అసలైనదే అయి ఉంటుంది. మన రూపాయి గుర్తును కేంద్ర ప్రభుత్వం 2010లో ఆమోదించింది. అంతకుముందు ముద్రించిన పది రూపాయల నాణేల మీద ఆ గుర్తు ఉండే అవకాశమే లేదు. అంకె పైన పది గీతలున్నదే అసలు, పదిహేను గీతలున్నది నకిలీ అన్న ప్రచారం కూడా అబద్ధం. 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంక్ ప్రకటన ఇచ్చి, అప్పటికి పది రూపాయల నాణెం 14 నమూనాలలో విడుదలైందనీ, అన్నీ చెల్లుతాయనీ స్పష్టం చేసింది. ఆ తర్వాత 2019లో మరో కొత్త శ్రేణి వచ్చింది. అయినా మన వరంగల్, హనుమకొండ ఆటోల్లో, బస్టాండు దుకాణాల్లో ఈ బిళ్లను తోసిపుచ్చడం ఆగలేదు. సంవత్సరం కింద నక్షత్రం గుర్తుంటే అనుమానించేవారూ ఉన్నారు. నిజానికి అది మన హైదరాబాద్ టంకశాల ముద్ర. ముంబైది వజ్రాకారం, నోయిడాది చుక్క, కోల్‌కతాలో ముద్రించిన వాటికి ఏ గుర్తూ ఉండదు. దొంగ నాణేలు చేసేవారి కంటే ఈ వదంతులే మన చిల్లర వ్యాపారులకు ఎక్కువ నష్టం చేశాయని నా అభిప్రాయం.

ఇక రెండో బిళ్ల. నమూనా ఏదైనా పది రూపాయల నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు, బరువు సుమారు 7.7 గ్రాములు. ఒక కొత్త మంచి నాణేన్ని పక్కన పెట్టుకుని, బంగారం దుకాణంలోని డిజిటల్ తూకం మీద రెండింటినీ తూచండి. వాడకంలో అరిగిన నాణెం కొంచెం తగ్గడం సహజమే గాని, కంటికి అంతగా అరుగుదల కనిపించకుండానే బరువులో పెద్ద తేడా ఉంటే అనుమానించవలసిందే. తర్వాత భూతద్దంతో సింహాల బొమ్మను, దాని కింది ‘సత్యమేవ జయతే’ను చూడండి. టంకశాలలో నాణేన్ని అచ్చుల మధ్య బలంగా నొక్కి ముద్రిస్తారు. అందువల్ల అక్షరాల అంచులు పదునుగా నిలుస్తాయి. లోహాన్ని కరిగించి మూసలో పోసి చేసిన దొంగ నాణెంలో అక్షరాలు మెత్తబడి, ఉపరితలం మీద సన్నని గుంటలు, అంచు చుట్టూ అతుకు గీత కనిపించే అవకాశం ఉంది. బయటి పసుపు వలయం, లోపలి తెల్లని బిళ్ల కలిసే చోట సందు ఉందేమో కూడా గమనించండి. అయస్కాంతాన్ని మాత్రం నమ్ముకోవద్దు. ఉదాహరణకు ఐదు రూపాయల నాణేన్ని వేర్వేరు కాలాల్లో రాగి-నికెల్ మిశ్రమంతో, ఉక్కుతో, నికెల్ కలిపిన ఇత్తడితో చేశారు. వీటిలో ఉక్కుది అయస్కాంతానికి అంటుకుంటుంది, రాగి-నికెల్‌ది అంటుకోదు, రెండూ అసలైనవే.

ఇప్పుడు చట్టం సంగతి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 179వ సెక్షన్ ప్రకారం, నకిలీదని తెలిసి గాని, అలా నమ్మడానికి కారణం ఉండి గాని, నాణేన్ని మంచిదిగా వాడినా, ఇతరులకు ఇచ్చినా యావజ్జీవ శిక్ష, లేదా పదేళ్ల వరకు జైలు శిక్ష, దానికి తోడు జరిమానా పడవచ్చు. పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన నేరమిది, బెయిలు హక్కుగా లభించదు. 1860 నాటి పాత శిక్షాస్మృతిలో మీ పరిస్థితికి అచ్చంగా సరిపోయే 241వ సెక్షన్ ఒకటి విడిగా ఉండేది. దాని కింద ఇచ్చిన ఉదాహరణలో ఒక వ్యక్తి సరుకులిచ్చి, నకిలీవని తెలియక ఈస్టిండియా కంపెనీ రూపాయలు తీసుకుంటాడు. తర్వాత సంగతి తెలిసి కూడా వాటిని మంచివన్నట్టు మరొకరికి అంటగడతాడు. అలాంటివాడికి శిక్ష తక్కువ, రెండేళ్ల వరకు జైలో, నాణెం విలువకు పది రెట్ల వరకు జరిమానానో, రెండూనో. కొత్త సంహితలో ఆ మెత్తని సెక్షన్ విడిగా లేదు. కేవలం పది రూపాయల విషయంలో కోర్టు గరిష్ఠ శిక్షకు వెళ్లడం అరుదే గాని, అరెస్టు, బెయిలు, సెషన్స్ కోర్టు వాయిదాలు మాత్రం తప్పవు.

అన్నిటికీ కీలకం ‘తెలిసి’ అన్న మాటే. ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక యువకుడు మామిడిపండు కొనడానికి దొంగ వంద రూపాయల నోటు ఇచ్చాడని శిక్ష పడితే, అది నకిలీదని అతనికి తెలుసని ప్రాసిక్యూషన్ రుజువు చేయలేదన్న కారణంతో 2001లో సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. అది నోటుకు సంబంధించిన తీర్పే అయినా, తెలిసి ఉండాలన్న షరతు నాణేనికీ అదే రీతిలో వర్తిస్తుంది. కాని మీ విషయంలో హోల్‌సేల్ వ్యాపారి బిళ్లను తిప్పి పంపాడు, మీరే దాని అంచు గరుకుగా ఉందని గమనించి నాకు రాశారు. రేపు మాకు తెలియదని కోర్టులో చెప్పడం మీకు కష్టమవుతుంది.

దగ్గర ఉంచుకోవడం గురించి 180వ సెక్షన్ చెబుతుంది. నకిలీదని తెలిసి గాని, అలా నమ్మడానికి కారణం ఉండి గాని, మంచిదిగా వాడే ఉద్దేశంతో దాచుకున్నప్పుడే అది నేరం, శిక్ష ఏడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. న్యాయమైన మార్గంలో వచ్చిందని మీరు చూపగలిగితే నేరం కాదని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. కాబట్టి ఆ బిళ్లను మిగతా చిల్లరలో కలపకుండా ఒక కవరులో వేసి, అది ఏ రోజు చిల్లరలో కనిపించింది, తిప్పి పంపినవారు ఎవరు, చిల్లర ఎక్కడెక్కడి నుంచి వస్తుంది అన్నది చీటీ మీద రాసి తేదీ వేసి అందులోనే పెట్టండి. కమీషన్ మీద చిల్లర సంచులు కొనే అలవాటుంటే, ఎవరి దగ్గర కొన్నారో తప్పక రాయండి.

హుండీ ఆలోచన కూడా మానుకోవాలి. గుడిలో వేసిన నాణెం అక్కడే ఉండిపోదు. హుండీ విప్పి లెక్కించిన చిల్లర మళ్లీ బ్యాంకుకో, మీలాంటి వ్యాపారికో చేరుతుంది. తెలిసి వేసినవారు దానిని మంచి నాణెంగానే చలామణిలోకి పంపినట్టు అవుతుందని ఎవరైనా వాదిస్తే, ఆ వాదనకు బలం ఉంటుంది. అమ్మవారికి తెలిసి చెల్లని బిళ్ల సమర్పించడం భక్తురాలిగా మీకూ నచ్చదని అనుకుంటాను.

ఆ కవరును మీ ఖాతా ఉన్న బ్యాంకు శాఖకు తీసుకువెళ్లి, అనుమానంతో తెచ్చామని ముందే చెప్పి చూపించండి. దొంగ నోటు దొరికితే బ్యాంకు దానిపై ముద్ర వేసి స్వాధీనం చేసుకుని రసీదు ఇవ్వాలన్న నిబంధన మీరు విని ఉంటారు. నాణేల విషయం వేరు. 2011 నాటి నాణేల చట్టం ప్రకారం అధికారం పొందిన వ్యక్తి నకిలీ నాణేన్ని కోసి పనికి రాకుండా చేయవచ్చు, ఆ నష్టం తెచ్చినవారిదే. అంటే మీ పది రూపాయలు పోతాయి. అంతకు మించి భయపడనక్కర లేదు. మీరే సుత్తితో కొట్టడం, కోయడం చేయకండి. అలాంటివి ఒకే చోటి నుంచి పదే పదే వస్తున్నాయని అనిపిస్తే మాత్రం పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా తెలిపి, రసీదు తీసుకోండి. కేసు దాకా వెళితే నాణెం నకిలీదా కాదా అన్నదానికి హోల్‌సేల్ వ్యాపారి మాట కాదు, టంకశాల అధికారి నివేదిక ప్రమాణం. నేర విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 328వ సెక్షన్ ఆ నివేదికను సాక్ష్యంగా అనుమతిస్తుంది.

చివరగా, మంచి బిళ్లను తిరస్కరించడం గురించి. రూపాయి, అంతకు పై విలువ గల నాణేలు ఒక చెల్లింపులో వెయ్యి రూపాయల వరకు, అర్ధ రూపాయి నాణేలు పది రూపాయల వరకు చట్టబద్ధంగా చెల్లుతాయి. అంతకు మించి ఇస్తే పుచ్చుకోవాలని అవతలి వ్యాపారిని మీరు బలవంతపెట్టలేరు. నాణెం తీసుకోకపోతే రాజద్రోహం కేసు అన్న వాట్సాప్ సందేశాలకు చట్టంలో ఆధారం లేదు, వాటిని చూపించి ఎవరితోనూ తగువు పెట్టుకోవద్దు. బ్యాంకు శాఖలు మాత్రం నాణేలను తీసుకోవాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశాలున్నాయి. నూరేసి నాణేల చొప్పున ప్లాస్టిక్ కవర్లలో కట్టి తీసుకువెళితే వారికీ లెక్క సులువవుతుంది. అప్పటికీ నిరాకరిస్తే మేనేజర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ఒక ప్రతి మీద శాఖ ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తిగా లేకపోయినా, ఆ ప్రతిని జతచేసి రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండా ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టుకోవచ్చు.