అమెరికా గ్యాస్ స్టేషన్లలో మన స్టూడెంట్స్‌ని కాల్చేస్తుంటే స్టోర్ వాళ్ళు గన్ గానీ సెక్యూరిటీ గానీ ఎందుకు పెట్టుకోరు?

మీ ప్రశ్న చదవగానే నాకు 2014 ఫిబ్రవరి గుర్తొచ్చింది. ఫ్లోరిడాలో టాంపా దగ్గర ఒక గ్యాస్ స్టేషన్ స్టోర్‌లో నైట్ షిఫ్ట్ చేసేవాణ్ణి, ఎంఎస్ సెకండ్ సెమ్ అప్పుడు. ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా మీద క్యాంపస్‌లోనే పని చెయ్యాలి, అదీ క్లాసులు నడిచేటప్పుడు వారానికి 20 గంటలే, ఆ క్యాంపస్ జాబ్ నాకు దొరకలేదు, ఇక్కడేమో గంటకి 7 డాలర్లు చేతిలో క్యాష్. చేసింది తప్పే, ఎవర్నీ చెయ్యమని చెప్పను కూడా, కానీ ఆ ముక్క దాచిపెట్టి జవాబు రాస్తే మీకు సగం విషయం అర్థం కాదు.

రాత్రి పన్నెండు కావొస్తోంది, బయట వాన. హుడీ వేసుకున్న ఒకడు వచ్చి సిగరెట్ ప్యాకెట్ అడిగాడు, సిగరెట్లు మన వెనక గోడకి ఉంటాయి కదా, తీసి ఇటు తిరిగేసరికి లాటరీ టికెట్లు పెట్టే గ్లాస్ మీద గన్ ఉంది. సినిమాల్లోలా తలకి గురి పెట్టడం ఏం లేదు, గ్లాస్ మీద ఆనించి మూతి నా వైపు తిప్పాడంతే. వాడి చెయ్యి వణుకుతోంది, ఆ వణుకుకి గ్లాస్ మీద టకటకమని చిన్న సౌండ్. మొహం ఇప్పుడు అస్సలు గుర్తు లేదు, ఆ సౌండ్ మాత్రం ఉంది. డ్రాయర్ తియ్యమన్నాడు. ఏమీ అమ్మకుండా డ్రాయర్ తెరవాలంటే నో సేల్ బటన్ కొట్టాలి, రోజూ ఎన్నిసార్లో కొట్టే బటన్, ఆ టైమ్‌కి ఎక్కడుందో కనపడలేదు, రెండుసార్లు తప్పు కొట్టి మూడోసారికి తెరిచా. లోపల 43 డాలర్లు, కొంచెం చిల్లర. సేఫ్ తియ్ అన్నాడు, నాకు నోరు పెగల్లేదు, సేఫ్ మీద ఉన్న స్టిక్కర్ వైపు వేలు చూపించా, క్లర్క్ దగ్గర తాళం ఉండదు అని రాసి ఉంటుంది దాని మీద. బూతులు తిట్టుకుంటూ ఆ 43, రెండు ప్యాకెట్లు పట్టుకుని పోయాడు. నాకు అరగంటలా అనిపించింది గానీ తర్వాత కెమెరాలో చూస్తే నిమిషం కూడా లేదు.

రెండు నిమిషాలకి ఒక పెద్దాయన వచ్చి "ట్వంటీ ఆన్ ఫోర్" అన్నాడు, అంటే నాలుగో పంపుకి ఇరవై డాలర్లు. కొట్టేశా. థాంక్యూ కూడా చెప్పా! ఆయన డోర్ దాకా వెళ్ళి నా మొహం చూసి వెనక్కొచ్చాడు, ఏమైందంటే చెప్పా. నేనుండుంటే వాణ్ణి ఇక్కడే పడేసేవాణ్ణి అని జాకెట్ ఎత్తి నడుముకున్న గన్ చూపించాడు. ధైర్యం చెబుదామనే పాపం, కానీ ఐదు నిమిషాల్లో అది నేను చూసిన రెండో గన్. ఈయన ఆ రెండు నిమిషాలు లేటుగా రావడమే నా అదృష్టం అనుకున్నా, ఎందుకంటే ఇద్దరి మధ్యలో ఉండేది నేనే కదా.

మీరు అడిగిన గన్ సంగతికొస్తే, స్టూడెంట్ వీసా, హెచ్-1బి (ఉద్యోగ వీసా) లాంటి నాన్ ఇమిగ్రెంట్, అంటే తాత్కాలిక వీసాల మీద వచ్చినోళ్ళు గన్ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి గానీ రాత్రిపూట కౌంటర్ కాసే స్టూడెంట్ వేటగాడి లైసెన్స్ తీసుకుంటాడా చెప్పండి. ప్రతి వార్త కింద "ఒక గన్ కొనుక్కోవచ్చుగా" అని రాసేవాళ్ళకి ఇది తెలీదు. పోనీ ఉందే అనుకుందాం, నో సేల్ బటనే కనపడని వాడికి కౌంటర్ కింద గన్ కనపడుతుందా?

సెక్యూరిటీ గార్డు అంటారా, గ్యాలన్ పెట్రోల్ మీద ఓనర్‌కి మిగిలేది సెంట్లలోనే, కాఫీ సిగరెట్లు లాటరీ మీద బతుకుతాయి ఈ స్టోర్లు, రాత్రంతా వచ్చే బేరం గార్డు జీతానికే చాలదు.

అయితే ఫ్లోరిడాలో దీనికంటూ ఒక చట్టం ఉందని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. రాత్రి నడిచే స్టోర్లలో కెమెరా, డ్రాప్ సేఫ్ (క్యాష్ లోపలికి వెయ్యడమే గానీ క్లర్క్ బయటికి తియ్యలేని సేఫ్), పార్కింగ్‌లో లైట్లు, డ్రాయర్‌లో 50 డాలర్లకి మించి ఉండవని డోర్ దగ్గర బోర్డు, పారిపోయేవాడి ఎత్తు తెలిసేలా డోర్ పక్కన గీతలు, బయట నుంచి కౌంటర్ కనపడేలా కిటికీలు, ఇవన్నీ ఉండాలి. క్లర్కులకి ట్రైనింగ్ కూడా ఇవ్వాలి, నాకైతే ఏమీ ఇవ్వలేదు, క్యాష్ కూలీకి ట్రైనింగేంటి. నన్ను కాపాడింది ఆ బోర్డూ ఆ సేఫూనే అని నా నమ్మకం, డ్రాయర్‌లో 400 ఉండుంటే వాడు ఇంకాసేపు ఉండేవాడు, ఉన్నకొద్దీ వాడి వేలు ట్రిగ్గర్ మీదే కదా.

అదే చట్టంలో ఇంకో మెలిక ఉంది. ఒక స్టోర్‌లో దోపిడీయో హత్యో జరిగితే అప్పట్నుంచి రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా ఇద్దరు క్లర్కులైనా, బులెట్లు ఆపే గ్లాసైనా, గార్డైనా, లేదా తలుపు మూసేసి చిన్న కిటికీలోంచి అమ్మడమైనా, ఏదో ఒకటి పెట్టాలి. ఇప్పుడు చూడండి, మా ఓనర్ అంకుల్ (మన వైపు ఆయనే) ఇరవై నిమిషాల్లో వచ్చాడు, నాకు కాఫీ ఇచ్చాడు, భుజం తట్టాడు, పోలీసులకి ఫోన్ మాత్రం చెయ్యలేదు. "నలభై మూడు డాలర్లేగా బాబూ పోయింది, వాళ్ళొస్తే నీ వీసాకే ఇబ్బంది" అన్నాడు. నా మంచికే అనుకుని దణ్ణం పెట్టినంత పని చేశా. కాగితం మీద దోపిడీ లేకపోతే ఆయనకి రెండో జీతమూ లేదు గ్లాస్ ఖర్చూ లేదు అని చట్టం చదివాకే వెలిగింది. ఆయన అంత లెక్కేశాడో లేక నిజంగానే నా గురించి భయపడ్డాడో నేను ఒట్టేసి చెప్పలేను. మూడు వారాల తర్వాత అదే రోడ్డులో ఇంకో స్టోర్ క్లర్క్‌ని గన్ పిడితో కొట్టి తల పగలగొట్టారు. వీడేనా కాదా తెలీదు. మేం ఫోన్ చెయ్యలేదు, అదే తెలుసు.

ఇద్దరు క్లర్కుల మాట ఫ్లోరిడాలోనే గెయిన్స్‌విల్ అనే యూనివర్సిటీ ఊళ్ళో 1980ల్లోనే వచ్చింది, రూల్ పెట్టాక దోపిడీలు తగ్గాయని పోలీసులు, దాని వల్ల కాదు అప్పటికే దొంగలు దొరికిపోయారని స్టోర్ల వైపు వాళ్ళు, చాలా కాలం కొట్టుకున్నారు. నాకైతే పక్కన ఇంకొకడుంటే చాలనిపించేది.

ఇక జనాల మాటలు. మా రూమ్‌లో మొదట అడిగిన ప్రశ్న "నల్లోడా?" అని. మన వాళ్ళలో ఇది చాలా మామూలు, అప్పుడు నాకూ తప్పనిపించలేదు. ఆ తర్వాత వారం రోజులు డ్యూటీ దిగి వెళ్ళే ఒక నర్స్, నల్లావిడే, కారు హెడ్‌లైట్లు స్టోర్ వైపు పెట్టి పావుగంట కాఫీ తాగి గానీ వెళ్ళేది కాదు. దాని గురించి రూమ్‌లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంట్లో రెండేళ్ళ తర్వాత చెప్పా, నాన్న కాసేపు లెక్కేసుకుని "మూడు వేల రూపాయల కోసమా" అన్నారు, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. 2023లో కొలంబస్‌లో, 2024లో షికాగోలో, 2025లో డల్లాస్ దగ్గర మన పిల్లలు ఇలాగే గ్యాస్ స్టేషన్లలో పోయినప్పుడు కామెంట్లలో "డబ్బు పిచ్చి, ఇక్కడ చావలేక అక్కడికెళ్ళాడు" అని రాసినోళ్ళని చూశా. ఇక్కడ మాత్రం లేదా ఏంటి, 2025 ఆగస్టులో హైదరాబాద్ చందానగర్‌లో నగల షాపులోకి పట్టపగలే గన్స్‌తో వచ్చి లాకర్ తాళాలు ఇవ్వనన్న ఉద్యోగి కాలి మీద కాల్చారు, అప్పుడు అందరూ ఆయన్ని హీరో అన్నారు. నాకైతే ఆయన తాళాలు ఇచ్చేసుంటే బాగుండేదనిపించింది, బంగారం షాపుది, కాలు ఆయనది.

ఆ వారం అయ్యాక నేను మానేశా. ఆ సాయంత్రమే ఒక రూమ్మేట్ పక్కన కూర్చుని, మెల్లగా, "నీ షిఫ్ట్ ఖాళీయే కదరా, అంకుల్‌కి నా పేరు చెప్తావా" అన్నాడు. వాడికి ఆ నెల రెంట్ లేదు. చెప్పా. చెప్పి, నేనే వెళ్ళి కౌంటర్ ఎదురు కిటికీ మీద అడ్డంగా అంటించిన బీర్ పోస్టర్లన్నీ పీకేశా, బయటికి కనపడుతుందని. రెండు రోజులకి వాడు ఫోన్ చేసి అంకుల్ కొత్తవి అంటించాడ్రా అన్నాడు.