పంచదార బొమ్మలకు నీళ్ళంటే పడదు

ప్రశ్న: అక్కా, మా పాప మొదటి పుట్టినరోజుకి కేకు నేనే చేశాను. ఫాండెంట్‌తో (కేకుల మీద వాడే మెత్తని పంచదార ముద్ద) ఒక కుందేలు, ఆరు గులాబీలు చేసి, విప్డ్ క్రీమ్ కేకు మీద అమర్చి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున తీసి చూస్తే కుందేలు చెవులు వాలిపోయాయి. గులాబీలు జిగురుగా అయి, రంగు కారి క్రీమ్ అంతా మరకలు. నా తప్పు ఎక్కడుంది?

జవాబు: మీ కుందేలు గురించి చదవగానే నా బాతు గుర్తొచ్చింది. పదకొండేళ్ళ కిందట మా తమ్ముడి కొడుకు కోసం చేశాను. సరిగ్గా కేకు కోసే వేళకి దాని తల మెల్లగా రెక్కల మీదికి ఒరిగింది. వాడు మాత్రం "అత్తా, బాతు నిద్రపోతోందా?" అన్నాడు. అవునన్నాను. ఇంకేమనను!

ఫాండెంట్ అంటే దాదాపు అంతా పంచదారే. తేమ ఎక్కడ దొరికినా పీల్చుకుంటుంది. మీ బొమ్మలకు అది రెండు వైపుల నుంచీ దొరికింది. విప్డ్ క్రీమ్‌లో నీళ్ళు ఎక్కువ కాబట్టి అడుగు నుంచి కరగడం మొదలైంది. పైగా ఫ్రిజ్‌లోంచి చల్లగా బయటికి రాగానే గాలిలోని ఆవిరి వాటి మీద బొట్లు కట్టింది. కేకుల పనిలో దీన్నే చెమట పట్టడం అంటాం.

ఇది కాక ఇంకో సంగతి. ఉత్త ఫాండెంట్ కేకు మీద పరిచే దుప్పటికి సరిపోతుంది కానీ, నిలబడాల్సిన బొమ్మకి చాలదు. పావుకిలో ఫాండెంట్‌కి ఒక టీస్పూన్ టైలోజ్ పౌడర్ (ముద్దని గట్టిపరిచే తినదగ్గ జిగురు పొడి) కలిపి బాగా మర్దించి, గాలి తగలకుండా చుట్టి అరగంట పక్కన పెట్టండి. సీఎంసీ అని అమ్మేది కూడా ఇదే పని చేస్తుంది. రేకులు పల్చగా వస్తాయి, ఆరాక గట్టిగా నిలుస్తాయి. చేస్తున్నంతసేపూ మిగతా ముద్దని కప్పే ఉంచాలి, లేకపోతే పైన పెచ్చు కడుతుంది. అయిపోయాక ఒకటి రెండు రోజులు బయటే, గాలికి ఆరనివ్వండి. ఆరబెట్టడానికి ఫ్రిజ్ వద్దే వద్దు.

చెవులు, మెడ లాంటివి నిలవడానికి టూత్‌పిక్ గుచ్చే అలవాటు చాలామందికి ఉంది. పిల్లలు తినే దాంట్లో నేనైతే గుచ్చను. ఉడికించని స్పగెట్టీ పుల్ల విరిచి లోపల పెడతాను. అలాగే బాగా గట్టిపడిన పువ్వు ఏడాది పిల్ల చేతికి ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడుతుంది.

క్రీమ్ కేకే కావాలంటే బొమ్మ అడుగున కరిగించిన వైట్ చాక్లెట్ పల్చగా పూసి ఆరనివ్వండి. అందులోని కొవ్వు తేమని కొంత ఆపుతుంది. అయినా సరే, కేకు కోయడానికి కాస్త ముందు మాత్రమే పెట్టండి. బటర్‌క్రీమ్ (వెన్న, పంచదార గిలకొట్టి చేసే క్రీమ్) అయితే ఇంత టెన్షన్ ఉండదు. ఫాండెంట్ పరిచిన కేకుని ఫ్రిజ్‌లో పెట్టక తప్పకపోతే అట్టపెట్టెలో పెట్టి, పెట్టెని ప్లాస్టిక్‌తో చుట్టండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా విప్పకండి. పట్టే చెమటేదో పెట్టెకే పడుతుంది. ఒకవేళ కేకుకే పడితే తుడవబోకండి, వేలు కూడా పెట్టకండి. ఫ్యాన్ కింద ఉంచితే దానంతటదే ఆరిపోతుంది.

ప్రశ్న: మేడమ్, చాక్లెట్ కరిగించి ఆకులు చేస్తే మర్నాటికి వాటి మీద తెల్లటి చారలు వస్తున్నాయి. మొన్న వైట్ చాక్లెట్‌లో నాలుగు చుక్కల ఎరుపు రంగు వేస్తే మొత్తం ముద్ద కట్టేసింది. చాక్లెట్ నాసిరకందా?

జవాబు: పాపం, చాక్లెట్‌ని అనకండి. ఆ చారలు బూజు కాదు, చాక్లెట్‌లోనే ఉండే కొవ్వు, అంటే కోకో బటర్. కరిగాక అది ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు. మెరుపు, విరిస్తే టక్కుమనే గుణం వాటిలో ఒక్కదానికే ఉన్నాయి. ఆ ఒక్కటీ వచ్చేలా చేయడమే టెంపరింగ్. డార్క్ చాక్లెట్‌ని 45 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ దాకా కరిగించి, 27-28కి చల్లార్చి, మళ్ళీ 31-32కి తేవాలి. నేను చేసే సులువు పద్ధతి చెబుతాను. మూడింట రెండు వంతులు కరిగించి దింపి, మిగతా వంతు సన్నగా తరిగి అందులో వేసి కలుపుతూ చల్లారుస్తాను. చాకు కొనకి కొంచెం అంటించి చూడండి. ఐదారు నిమిషాల్లో మెరుస్తూ గట్టిపడితే సిద్ధమైనట్టే.

కాంపౌండ్ చాక్లెట్‌కి ఈ తిప్పలేవీ లేవు, అందులో ఉండేది వేరే నూనె కొవ్వు. రుచి మాత్రం నాకు మైనం నమిలినట్టుంటుంది.

ఇక ముద్ద కట్టడం. కరిగిన చాక్లెట్‌లో నీటిచుక్క పడితే అందులోని పంచదార తడిసి ఒకదానికొకటి అంటుకుంటుంది. మామూలు ఫుడ్ కలర్లలో ఉండేది నీళ్ళే. చాక్లెట్‌కి నూనెలో కలిసే రంగులు వేరుగా దొరుకుతాయి, అవే వాడండి. ముద్ద కట్టినదాన్ని పారేయకుండా వేడి పాలు పోసి కలిపితే సాస్ అవుతుంది.

ప్రశ్న: ఊదా రంగు పంచదార పూలు నాలుగు రోజులకే నీలంగా మారిపోయాయి. ఎందుకు?

జవాబు: ఊదాలో ఉన్న గులాబీ రంగు వెలుతురుకి వెలిసిపోయి నీలం మిగిలింది. కిటికీ పక్కన కాకుండా మూతపెట్టిన అట్టపెట్టెలో ఆరబెట్టండి.

ప్రశ్న: పిన్నిగారూ, పెరట్లోని నిజం పూలకే పంచదార అద్ది కేకు మీద పెట్టవచ్చా? ఏ పువ్వయినా ఫరవాలేదా?

జవాబు: ఫరవాలేదనుకుంటే ప్రమాదం తల్లీ. గన్నేరు, డాఫొడిల్, లిల్లీ ఆఫ్ ది వ్యాలీ విషం. తినకపోయినా సరే, వాటిని కేకుకి ఆనించకూడదు. బొకేల వాళ్ళ దగ్గర కొన్న పూలకు మందులు కొట్టి ఉంటారు, అవీ వద్దు. మందు తగలని గులాబీ, పాన్సీ, వయోలా నిశ్చింతగా వాడుకో. గులాబీ రేకు మొదట్లో తెల్లగా ఉండే ముక్క చేదు, తుంచెయ్యి. గుడ్డు తెల్లసొనలో రెండు చుక్కల నీళ్ళు కలిపి, సన్నటి కుంచెతో రేకుకి రెండు వైపులా పల్చగా పూసి, సన్నపలుకుల పంచదార చల్లు. పొడి చేసిన పంచదార అయితే తడికి కరిగి జావైపోతుంది. ఒకటి రెండు రోజుల్లో పెళుసుగా ఆరుతుంది. పచ్చి తెల్లసొన కదా, పసిపిల్లలు, గర్భిణులు తినేదైతే పాశ్చరైజ్ చేసినదే వాడు.

ప్రశ్న: బంగారు రంగు మెరుపు పొడి డబ్బా మీద "నాన్ టాక్సిక్" అని ఉంది. కేకు మీద చల్లవచ్చు కదా?

జవాబు: చల్లకూడదు. "నాన్ టాక్సిక్" వేరు, "ఎడిబుల్" వేరు. తినడానికని తయారైన పొడి అయితే డబ్బా మీద "ఎడిబుల్" అన్న మాటతోపాటు అందులో ఏమేం కలిపారో జాబితా ఉంటుంది. 2018లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఇలాంటి పొడి వేసిన పుట్టినరోజు కేకు తిని ఆరుగురు పిల్లలు వాంతులతో బాధపడ్డారు. ఆ పైపూతలో రాగి చాలా ఎక్కువగా ఉందని తేలింది. మీ డబ్బాని వంటింట్లోంచి తీసేయండి. కాగితం పూలకు వాడుకుంటే బాగుంటుంది.