18-55 లెన్స్‌లో ఎర్రర్ 01: కాంటాక్టులు తుడిచినా పోకపోతే

తమ్ముడూ, తిరుపతిలో నీ షాపుకొచ్చిన కానన్ 18-55కి కాంటాక్టులు (లెన్స్ వెనక కెమెరాకు తగిలే లోహపు చుక్కలు) తుడిచినా ఎర్రర్ 01, అంటే కెమెరాకూ లెన్స్‌కూ మాట కుదరట్లేదన్న హెచ్చరిక, పోలేదన్నావు కదా. 18 ఎంఎంలో పెట్టి ఎఫ్ 3.5లో (అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, పూర్తిగా తెరిచి) ఒక ఫొటో, ఎఫ్ 8లో (రంధ్రం చిన్నది చేసి) ఒకటి తీసి చూడు. మొదటిది పడి రెండోదానికే ఎర్రర్ వస్తే సర్క్యూట్ బోర్డు జోలికి పోవద్దు, చాలావరకు అపర్చర్ ఫ్లెక్స్ (ఆ రంధ్రాన్ని నడిపే పల్చటి రిబ్బన్ కేబుల్) తెగినట్టే. జూమ్ తిప్పినప్పుడల్లా మడతపడే చోట సన్నగా చీలుతుంది. పైకి బాగానే ఉన్నట్టుంటుంది, అదే మోసం. కొత్తది పాతదాని మడతలోనే కూర్చోబెట్టు, బిగుతుగా లాగితే మళ్లీ తెగుతుంది. మౌంట్ (లెన్స్ కెమెరాకు బిగుసుకునే రింగు) కింద పల్చటి షిమ్‌లు, అంటే ఎత్తు సరిచేసే రేకులు, ఉంటే వరస మార్చకు, ఇన్ఫినిటీ ఫోకస్ (బాగా దూరంలో ఉన్నవాటి ఫోకస్) తప్పుతుంది. స్క్రూలకు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) డ్రైవరే వాడు, మామూలు ఫిలిప్స్ తల తినేస్తుంది. రిపేరు రేటు లెన్స్ విప్పకముందే చెప్పు. సెకండ్‌హ్యాండ్ లెన్స్ ధరలో సగం దాటితే ఎవరూ చేయించుకోరు. చెకింగ్ చార్జీ మాత్రం వదులుకోకు.