సైజు పెంచే సాఫ్ట్‌వేర్ వెతక్కండి, నాలుగడుగులు దగ్గరికెళ్లండి

మన ఫోటోలని ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టే స్టాక్ ఏజెన్సీలకి ఫోటోలు పంపితే సైజు చాలదని తిప్పి కొడుతున్నారు, ఏ సాఫ్ట్‌వేర్‌తో పెంచితే తీసుకుంటారు అని కొందరు అడిగారు. నా జవాబు ఒక్కటే, ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ పెంచకండి. ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు ఫోటోలు తీసి ఏడేళ్లుగా అమ్ముతున్నాను, సైజు దగ్గర నేను తిన్న దెబ్బలన్నీ కంప్యూటర్ ముందు కాదు, కెమెరా పట్టుకుని నిలబడ్డ చోట తిన్నవే.

మొదటి ఏడాది సంగతి. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే దారిలో మిర్చి కల్లాలు ఉంటాయి కదా, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ దారిన వెళ్తే నేలంతా ఎర్ర దుప్పటి పరిచినట్టుంటుంది. ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. వాళ్లని పలకరించాలంటే నాకు మొహమాటం. రోడ్డు మీదే నిలబడి దూరంగా ఉన్నవి దగ్గరగా చూపించే 250 లెన్స్ పూర్తిగా లాగి తీశాను. నా కెమెరా 18 మెగాపిక్సెళ్లది, అంటే 5184×3456 పిక్సెళ్లు (ఫోటోలోని చుక్కలు, పది లక్షలైతే ఒక మెగాపిక్సెల్). ఇంటికొచ్చి చూస్తే ఒక పెద్దామె చేతులు, ముందు కాయల రాశి, పక్కన వాలిన ఎండ, ఆ ముక్క మాత్రం అద్భుతంగా ఉంది. మిగతాదంతా కత్తిరించి పడేశాను. మిగిలింది 1640×1090. గుణించి చూడండి, రెండు మెగాపిక్సెళ్లు కూడా లేదు. షటర్‌స్టాక్ అయినా అడోబీ స్టాక్ అయినా కనీసం 4 మెగాపిక్సెళ్లు ఉండాలంటాయి.

ఒక ఏజెన్సీకి పంపాను, సైజు తక్కువని వచ్చేసింది. మా ఫోటో స్టూడియో ఆయన్ని అడిగితే "72 డీపీఐ ఉంది, 300 చెయ్, సరిపోద్ది" అన్నాడు. చేశాను, మళ్లీ వచ్చేసింది. ఈ డీపీఐ మాట ఎవరు పుట్టించారో గానీ కొత్తగా వచ్చేవాళ్లందరినీ ఇదే ముంచుతోంది! డీపీఐ అనేది కాగితం మీద అచ్చు వేసేటప్పుడు అంగుళంలో ఎన్ని చుక్కలు పడాలన్న లెక్క మాత్రమే. 3000 పిక్సెళ్ల ఫోటో 72 అని రాసినా 3000 పిక్సెళ్లే, 300 అని రాసినా 3000 పిక్సెళ్లే. ఏజెన్సీ చూసేది పొడవు, వెడల్పు గుణించిన లెక్కని.

తర్వాత పంతం పట్టి ఫోటోషాప్‌లో దాన్ని 2450×1633కి సాగదీశాను, లెక్కకి సరిగ్గా 4 మెగాపిక్సెళ్లు. ఈసారి సైజు గడప దాటింది గానీ నాణ్యత దగ్గర ఆపేశారు. 100 శాతంలో తెరిచి చూస్తే వాళ్లన్నది నిజమే, ఆమె వేళ్లు మైనం పూసినట్టున్నాయి, కాయల తొడిమలు కలిసిపోయి పచ్చటి మరకలా కనిపిస్తున్నాయి. ఇప్పుడు ఏఐతో పెంచే యాప్‌లు చాలా వచ్చాయి, వాటితోనూ ప్రయత్నించాను, చర్మం మీద ముడతలని అవి సొంతంగా కల్పిస్తాయి. అరవై ఏళ్ల మనిషి చేతిలో లేని గీతలు పెట్టడం నాకు తప్పనే అనిపిస్తుంది.

మళ్లీ ఆదివారం అదే కల్లానికి వెళ్లాను. రోడ్డు మీద నిలబడగానే ఆ పెద్దామే కేకేసింది, "ఏం అబ్బాయ్, పోయిన వారం కూడా అక్కడినుంచే తీశావ్, దగ్గరికి రా, మేమేమన్నా అంటామా?" అని. వెళ్లి ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. ఘాటుకి ఐదు నిమిషాలు ఆపకుండా తుమ్ములే, ఆమె చెంబుతో నీళ్లిచ్చి ముక్కుకి గుడ్డ ఎలా కట్టుకోవాలో చెప్పింది. ఆ రోజు కెమెరాతో వచ్చిన మామూలు 18-55 లెన్స్‌తో తీశాను. కత్తిరించాల్సిన పనే లేదు, 5184×3456 మొత్తం పంపాను, మొదటిసారే తీసుకున్నారు.

మొహం కనిపిస్తే మోడల్ రిలీజ్ మీద, అంటే నా ఫోటో అమ్ముకోవచ్చని ఆ మనిషి ఒప్పుకునే కాగితం మీద, సంతకం కావాలి, అది కూడా దగ్గరికెళ్తేనే దొరుకుతుంది. ఏజెన్సీ ఇచ్చిన ఫారం ఇంగ్లీషులో ఉంది, నేను వరసగా తెలుగులో చదివి చెప్తే ఆ పెద్దామె విని అప్పుడు పెట్టింది. తెలుగు వాళ్ల చేత సంతకం పెట్టించుకునే కాగితం తెలుగులో ఉండాలి, ఈ మాట ఆ ఏజెన్సీకి ఇప్పటికి నాలుగుసార్లు రాశాను.

ఎంబీల సంగతి కూడా చెప్పాలి, చాలామంది అక్కడ పడిపోతారు. అలమీ అనే ఏజెన్సీ ఫోటో 17 ఎంబీ ఉండాలంటుంది. నా ఫ్రెండ్ ఒకడు తన జేపెగ్ (ఫోటోని కుదించి దాచే ఫైల్) 6 ఎంబీయే ఉందని దిగులుపడి పంపడమే మానేశాడు. వాళ్లు చెప్పే 17 ఎంబీ జేపెగ్‌ది కాదు, ఫోటోని తెరిచినప్పటి లెక్క. ఒక్కో పిక్సెల్‌కి మూడు బైట్లు, అంటే 6 మెగాపిక్సెళ్ల ఫోటో ఉంటే చాలు. నా 18 మెగాపిక్సెళ్ల ఫైల్ డిస్క్ మీద ఆరేడు ఎంబీ ఉన్నా తెరిస్తే 50 ఎంబీ దాటుతుంది.

ఫోన్‌తో తీసేవాళ్లయితే జూమ్ జోలికి పోవద్దు. రెండు వేళ్లతో లాగే జూమ్ చాలావరకు కత్తిరించి సాగదీయడమే, నేను ఫోటోషాప్‌లో చేసిన తప్పుని ఫోన్ మీకు తెలియకుండా చేసేస్తుంది. ఫ్రెండ్ ఫోన్‌లోంచి ఫోటో తెప్పించుకోవాలంటే వాట్సాప్‌లో మామూలు ఫోటోగా వద్దు, డాక్యుమెంట్‌గా పంపమనండి, లేకపోతే దారిలోనే చిక్కిపోయి వస్తుంది.

మీకు తిరిగొచ్చిన ఫోటోల ఒరిజినల్ ఫైళ్లు తెరిచి కొలతలు చూడండి. కత్తిరించక ముందు సరిపడా ఉంటే కాస్త వదులుగా మళ్లీ కత్తిరించి పంపండి, అదీ చాలకపోతే ఆ ఫోటో వదిలేసి ఆ చోటికి మళ్లీ వెళ్లండి.

ఆ ఫోటోకి నాకొచ్చింది ఇప్పటికి మూడు డౌన్‌లోడ్ల డబ్బులే. అదే ఫైల్ 12×18 అంగుళాల సైజులో ప్రింట్ తీయిస్తే చుక్క చెదరలేదు, ఫ్రేమ్ కట్టించి ఆ పెద్దామెకి ఇచ్చాను. వాళ్లింట్లో గుమ్మానికి ఎదురుగా గోడ మీద పెట్టుకుంది, పోయిన మార్చిలో వెళ్లినప్పుడు కూడా అక్కడే ఉంది.