ఫ్రాన్స్ అధ్యక్షుడు అండోరాకు రాజెలా అయ్యాడు?

ప్రశ్న: ఫ్రాన్స్ అధ్యక్షుడు అండోరా అనే చిన్న దేశానికి రాజు కూడా అని పోటీ పరీక్షల పుస్తకంలో చదివాను. రాజరికాన్నే కూలదోసిన దేశం కదా, ఇదెలా కుదిరింది? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు చదివింది నిజమే. కాకపోతే అది సగమే. అండోరాకు పాలకులు ఇద్దరు, రెండో ఆయన పక్కనే స్పెయిన్‌లో ఉండే ఉర్గెల్ బిషప్.

ఇదంతా ఫ్రాన్స్, స్పెయిన్‌ల మధ్య ఉన్న పిరనీస్ కొండల కింద, ఫ్రాన్స్ వైపున ఉన్న ఫ్వా అనే చిన్న సంస్థానం దగ్గర మొదలైంది. అక్కడి పాలకుల్ని కౌంట్లు అనేవారు. అండోరా లోయలు బిషప్‌వి. వాటిని ఆయన కింద అనుభవిస్తున్న కాస్టెల్బో ప్రభువు కూతురు ఎర్మెసెండా ఫ్వా ఇంటి కోడలయింది, దాంతో ఆ హక్కులూ ఆమె వెంట అత్తారింటికి వచ్చాయి, తగాదా కూడా వచ్చింది. ఆమె మనవడు మూడో రోజర్ బెర్నార్డ్ బిషప్‌తో కొట్లాడి కొట్లాడి చివరికి 1278లో రాజీపత్రం రాసుకున్నాడు. లోయలు ఇద్దరికీ ఉమ్మడి, పన్ను ఒక ఏడు ఒకరికి, మరుసటి ఏడు ఇంకొకరికి. 1288లో ఇంకో షరతు చేర్చారు: ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప అక్కడ కోట కట్టకూడదు. పొలం గట్టు తగాదాలో పెద్దమనుషులు రాయించే కాగితంలాగే ఉంటుంది, నాకు ఈ చరిత్రలో బాగా నచ్చేది ఇదే.

తర్వాత ఆ వంశంలో అందరికంటే పేరు మోసినవాడు గాస్తోన్ ఫెబూస్. వేట మీద గొప్ప పుస్తకం రాశాడు. కానీ తనకు విషం పెట్టబోయాడని ఒక్కగానొక్క వారసుణ్ణి చెరలో పెట్టాడు, ఆ పిల్లాడు 1380లో అక్కడే చనిపోయాడు. ఆ కొడుకు పోవడం వల్లే 1391లో గాస్తోన్ చనిపోయాక పదవి దాయాదులకు వెళ్లి, పెళ్లిళ్ల మీదుగా ఇల్లు మారుతూ మారుతూ అదే కొండల్లో ఉన్న నవార్ అనే చిన్న రాజ్యపు రాజుల చేతికొచ్చింది. వాళ్లలో హెన్రీ 1589లో ఫ్రాన్స్ రాజయ్యాడు, 1607లో ఫ్వా ఫ్రాన్స్ కిరీటంలో కలిసింది, అండోరా వాటా కూడా దాంతోపాటే వెళ్లింది.

ఇక మీ అసలు ప్రశ్న. విప్లవం వచ్చాక 1793లో ఫ్రాన్స్, ఇది జమీందారీ కాలం నాటి పన్ను, మాకొద్దు అని తీసుకోవడం మానేసింది. వెనక్కి రమ్మని అడిగింది అండోరా వాళ్లే! ఒక్క పక్కకే లోబడిపోతామన్న భయం ఉంటుంది కదా మరి. 1806లో నెపోలియన్ పాత ఏర్పాటును మళ్లీ నిలబెట్టాడు, రాజులు పోయాక ఆ వాటా అధ్యక్షుడిదయింది. ఈమధ్య కాలం దాకా ఒక ఏడు ఫ్రాన్స్‌కు 960 ఫ్రాంకులు, మరుసటి ఏడు బిషప్‌కు కొంత డబ్బుతో పాటు ఉప్పువేసి ఆరబెట్టిన పంది తొడలు, చీజ్, కోళ్లు ముట్టజెప్పేవాళ్లు. 1993 రాజ్యాంగంతో ఆ చెల్లింపు ఆగింది. పాలకులు మాత్రం ఇప్పటికీ ఆ ఇద్దరే.